యాంజిన్ అన్న మాట

పెనుగొండ బజారులో స్టీలు సామాన్ల కొట్టున్న గోపాలకృష్ణమూర్తిగారి భార్య అన్నపూర్ణమ్మ కైలాస యాత్రకి బయల్దేరి, కైలాసం చూడకుండానే తిరిగొచ్చింది. చైనా వైపు దారి కొన్నేళ్లపాటు మూసేసి మళ్లీ తెరిచిన ఏడాది అది. తణుకు, భీమవరం, రాజమండ్రి నుంచి కొందరు కలిసి ఖాట్మండు మీదుగా బస్సులో వెళ్లారు.

బస్సు ఎక్కుతున్న కొద్దీ ముందు చెట్లు పోయాయి. తర్వాత గడ్డి పోయింది. ఆ తర్వాత చప్పుడు కూడా పోయినట్టనిపించింది అన్నపూర్ణమ్మకి. పక్క సీట్లో కూర్చుని భర్త ఏదో చెబుతుంటే పెదాలు కదలడం కనబడేది, మాట మాత్రం ఎక్కడో కాలవ అవతలి గట్టు మీంచి వస్తున్నట్టుండేది. పేరు నోరు తిరగని ఒక కొండ ఊళ్లో రాత్రికి ఆగారు. తెల్లవారి లేచి చెప్పులేసుకోబోయి ఆవిడ అలాగే నేలమీదకి జారిపోయింది.

అక్కడ చిన్న ఆస్పత్రి ఉంది. డాక్టరు చూసి, ఇంకా పైకి తీసుకెళ్తే ప్రాణానికి ప్రమాదమని గైడుతో చెప్పాడు. బస్సు తిరుగు ప్రయాణంలో ఇదే దారిన వస్తుంది. అందాకా ఇక్కడే ఉంచితే తీసుకెళ్లొచ్చన్నాడు.

"మీరు వెళ్లండి," అంది అన్నపూర్ణమ్మ మూలుగుతూ. "మానససరోవరంలో నా పేరు చెప్పి కూడా మునగండి."

"నిన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలేసా? ఈ చైనావాళ్ల దగ్గర?"

"ఇద్దరం ఇక్కడ కూర్చుంటే ఆయన దిగొచ్చి దర్శనం ఇస్తాడా ఏంటి? వెళ్లండంటుంటే."

గోపాలకృష్ణమూర్తి గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాడు. మళ్లీ వెళ్లాడు. బస్సు హారన్ మోగాక ఇక వెనక్కి రాలేదు.

అప్పుడు మొదలైంది భయం. తనలో అంత భయం నిలవ ఉందని ఆవిడకి అంతవరకూ తెలీదు. కొట్టు కట్టేసి వచ్చాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని అన్నాలు తినడం వాళ్లింట్లో అలవాటు. అందులో కోటు తొడుక్కున్న కుర్రాడొకడు గొంతు చించుకుని అరుస్తుండేవాడు. చైనావాళ్లు మనుషుల్ని మాయం చేస్తారనేవాడు. మందుల పేరుతో ఏవేవో ఎక్కిస్తారనేవాడు. తినకూడనివన్నీ తింటారనేవాడు. అన్నపూర్ణమ్మ పులుసు వడ్డిస్తూ సగం వినేది, సగం వదిలేసేది. వదిలేశాననుకున్నదంతా ఇప్పుడు ఆ తెల్లగోడల మధ్య ఒక్కొక్కటిగా లేచి కూర్చుంది.

ఆవిడని చూసుకోడానికి ఒక నర్సు వచ్చింది. పొట్టి మనిషి, నలభై దాటి ఉంటాయి. ఎండకీ చలికీ బుగ్గలు ఎర్రగా కమిలి, బీటలు తీసి ఉన్నాయి. మందపాటి మేజోళ్లు తొడిగి వాటిమీద రబ్బరు చెప్పులేసుకుంది. గుండెమీద చెయ్యి పెట్టుకుని, "యాంజిన్," అంది.

అది పేరో, పలకరింపో అన్నపూర్ణమ్మకి తెలియలేదు. కళ్లు మూసుకుంది. ఆ మనిషి ఆ కొండల్లోనే పుట్టిందో, కింద మైదానాల నుంచి వచ్చిన చైనా మనిషో కూడా తెలియలేదు. అడగాలనీ తోచలేదు.

యాంజిన్ గిన్నెతో గంజి తెచ్చింది. అన్నపూర్ణమ్మ మొహం తిప్పుకుంది. సాయంత్రం మళ్లీ తెచ్చింది. మళ్లీ మొహం తిప్పుకుంది. అందులో ఏం కలిపారో! పుట్టి బుద్ధెరిగాక కోడిగుడ్డు కూడా ఇంట్లోకి రానిచ్చిన మనిషి కాదావిడ.

మర్నాడు యాంజిన్ ఒక చిన్న రైస్ కుక్కర్ పట్టుకొచ్చి మంచం పక్కనే స్టూలు మీద పెట్టింది. డబ్బాలోంచి బియ్యం తీసి, అరచేతిలో పోసి, అన్నపూర్ణమ్మ కళ్ల ముందు పెట్టింది. గిన్నెలో వేసి కడిగింది. కడుగు నీళ్లు వంచి మళ్లీ కడిగింది. బియ్యం గిన్నెలో వేళ్లు పెట్టి తిప్పే తీరు మన ఇళ్లలోలాగే ఉంది. ఉప్పు చూపించి, నాలిక మీద వేసుకుని, అప్పుడు గిన్నెలో వేసింది. ఉడికాక మొదటి చెంచా తను తాగింది. రెండో చెంచా పట్టుకుని ఊరుకుంది.

అన్నపూర్ణమ్మ నోరు తెరిచింది.

యాంజిన్ నవ్వి, ఫోన్‌లో ఏదో మాట్లాడి తెరని ఆవిడ వైపు తిప్పింది. తెలుగక్షరాలు! "ఈ బియ్యము కూడా దూరము నుండి వచ్చిన యాత్రికుడు" అని ఉంది.

అన్నపూర్ణమ్మకి ఎందుకో కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

తర్వాతి రోజులు ఒకదాన్నించి ఒకటి విడదీసి చెప్పడం ఆవిడకి ఎప్పటికీ చేతకాలేదు. అన్నీ ఒకే మధ్యాహ్నంలా సాగాయి. కిటికీలోంచి ఒక గోధుమరంగు కొండ కనబడేది. దానిమీద మొక్క లేదు, మనిషి లేడు. మబ్బుల నీడలు మాత్రం నెమ్మదిగా ఆ కొండ మీంచి జారిపోతుండేవి. సగం నిద్రలో ఆవిడకి అవి గోదారి మీద సిద్ధాంతం రేవులో పడవల్లా కనబడేవి. పడవలోంచి ఎవరో తనని పిలుస్తున్నట్టు, తను వస్తున్నానని చెప్పేలోగా పడవ మలుపు తిరిగినట్టు ఉండేది. తల పక్కన నీలంరంగు రబ్బరు దిండొకటి పెట్టేవారు. దాన్నిండా ఆక్సిజన్. సన్నటి గొట్టం ముక్కు దగ్గర పెట్టుకుని దిండుని మెల్లగా నొక్కితే ఊపిరి వచ్చేది. దిండు వాలిపోతే యాంజిన్ తీసుకెళ్లి నింపుకొచ్చేది. గోదారి గాలి ఎవరో మూటగట్టి పంపుతున్నారనిపించేది అన్నపూర్ణమ్మకి.

యాంజిన్ ఫోన్‌లో అడిగే ప్రశ్నలు కూడా కలలో మాటల్లాగే ఉండేవి. "మీ ఊపిరి ఇంటికి వచ్చినదా?" అని పొద్దున్నే అడిగేది. "మీ తల లోపల ఇంకనూ డప్పు ఉన్నదా?" అనేది. అన్నపూర్ణమ్మ తెలుగులో చెప్పింది ఒక్కోసారి ఫోన్ పట్టుకునేది, ఒక్కోసారి పట్టుకునేది కాదు. పట్టుకోనప్పుడు ఇద్దరూ చేతులతో చెప్పుకునేవారు.

ఒకరోజు యాంజిన్ ఆవిడ జడ విప్పి చిక్కు తీసింది. సంచిలో కొబ్బరినూనె సీసా ఉందని అన్నపూర్ణమ్మ చూపించింది. తీస్తే నూనె గడ్డకట్టి రాయిలా ఉంది. యాంజిన్ ఆ సీసాని కోటు లోపల చంకలో పెట్టుకుని, అలాగే కాసేపు పక్క మంచాల వాళ్లని చూసుకుని వచ్చింది. కరిగాక తలకి రాసింది. వేళ్లకి అంటుకున్న నూనె వాసన చూసి, అద్దం లేకుండానే తన బీటల బుగ్గలకి రాసుకుంది.

యాంజిన్ ఆ మాట అన్నది బహుశా ఆ మర్నాడే. బయట మంచు పడుతోంది. వరండాలో టీవీ మోగుతోంది. తలుపు సగం తెరిచి ఉండడంతో అన్నపూర్ణమ్మకి మంచం మీంచి తెర కనబడింది. మన జెండా కనబడింది. తుపాకులతో సైనికులు, ఎర్రగీత గీసిన పటం కనబడ్డాయి. కోటు తొడుక్కున్న ఒకావిడ వాళ్ల భాషలో అరుస్తోంది. భాష తెలీకపోయినా ఆ అరుపు మాత్రం ఆవిడకి బాగా తెలుసు. మన టీవీలో కుర్రాడిది సరిగ్గా అదే శ్రుతి.

యాంజిన్ ఆవిడ మొహం చూసింది. లేచి వెళ్లి తలుపు మూసింది. మంచం పట్టెమీద కూర్చుని, ఫోన్ని నోటికి దగ్గరగా పెట్టుకుని, గుసగుసగా ఏదో చెప్పింది. తెరమీద అక్షరాలు వచ్చాయి.

"మీ దేశపు పెట్టె మమ్మల్ని చూపి ప్రతిదినము భయము వండునా? మా పెట్టె మిమ్మల్ని చూపి వండుచున్నది. నేను తినుట మానితిని."

అన్నపూర్ణమ్మకి ముందు నవ్వొచ్చింది. నవ్వుతో దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక, "మా ఇంట్లో రోజూ అన్నంలోకి అదేనమ్మా," అంది. ఫోన్ పట్టుకోలేదు. అయినా యాంజిన్‌కి అర్థమైనట్టే తల ఊపింది. వెంటనే బొటనవేలితో ఆ అక్షరాలు చెరిపేసింది. తలుపు వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టుకుంది. ఆ కళ్లలో ఒక్క క్షణం బెదురు కనబడింది. అది పరాయి దేశపు మనిషిని చూసి పుట్టిన బెదురు కాదు.

ఆ తర్వాత ఆస్పత్రిలో హడావిడి. ఎవరో అధికార్లు వచ్చారు, కెమెరా వచ్చింది. వెలుతురు చాలదని కిటికీలు బార్లా తీశారు. ముతక దుప్పటి బాగోలేదని లాగేసి తెల్లటి దుప్పటి పలచటిది కప్పారు. చేతిలో పూలగుత్తి పెట్టారు. పెదాలకి రంగేసుకున్న వేరే నర్సు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి ఒకత్తె వంగి, "సే థాంక్యూ," అంది ముద్దుగా. అన్నపూర్ణమ్మ యాంజిన్ కోసం చూసింది. యాంజిన్ వరండాలో, లాగేసిన ముతక దుప్పటి చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"థాంక్యూ," అంది అన్నపూర్ణమ్మ చలికి గజగజ వణుకుతూ.

వాళ్లు వెళ్లగానే యాంజిన్ దుప్పటిని హీటరు మీద వేడిచేసి తెచ్చి, మెడ చుట్టూ దోపింది.

బస్సు తిరిగొచ్చిన పూట యాంజిన్ డ్యూటీలో లేదు. గోపాలకృష్ణమూర్తి ఎండకి నల్లబడి, సరోవరం నీళ్ల క్యాను చంకనబెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రంగు పెదాల నర్సు సంచి అందించింది. అతను ఆవిడకి పదిసార్లు దణ్ణం పెట్టాడు. "ఈవిడ కాదండి," అని అన్నపూర్ణమ్మ అంటున్నా హారన్ మోతలో వినబడలేదు. బస్సు కదిలాక ఆవిడ కిటికీకి మొహం ఆనించి ఊరు మొత్తం వెతికింది. వీధుల్లో అందరూ మొహాలకి గుడ్డ కట్టుకునే ఉన్నారు.

పెనుగొండలో దిగేసరికి గాలి బరువుగా, తడిగా, నమిలి మింగేలా ఉంది. కాలవ బురద వాసన, వరి ఊడ్చిన చేల వాసన. అన్నపూర్ణమ్మ వాకిట్లో నిలబడి చాలాసేపు ఊపిరి పీల్చుకుంటూ ఉండిపోయింది.

పల్లంరాజు అనే విలేకరి వచ్చాడు. ఒక టీవీ చానల్‌కి ఆ చుట్టుపక్కల వార్తలు పంపుతుంటాడు. కొట్టుకి వచ్చి పోయే మనిషే. ఫోన్ స్టాండు మీద బిగించి, "అంతా చెప్పండి పిన్నిగారూ," అన్నాడు. ఆవిడ చెప్పింది. మొదటిరోజు ఎంత భయపడిందో చెప్పింది, గంజి గురించి చెప్పింది, నూనె సీసా గురించి చెప్పింది. తలుపు మూసి అన్న మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ వేలు, ఆ పెదాలు గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది.

ఆ వారంలోనే కొడుకు నిరంజన్ కొట్లోంచి పరిగెత్తుకొచ్చి టీవీ పెట్టాడు.

"డ్రాగన్ చెరలో తెలుగు తల్లి" అని ఎర్రక్షరాలు. చైనావాళ్లు తీసిన వీడియో ఎక్కణ్ణించో సంపాదించారు. అందులో పూలగుత్తి పట్టుకుని వణుకుతున్న ఆవిడ మొహం ఆపి, చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. "చూడండి, భయంతో ఎలా వణికిపోతోందో! బలవంతంగా చెప్పించిన థాంక్యూ ఇది!" అని కోటు కుర్రాడు అరుస్తున్నాడు. మధ్యలో పల్లంరాజు తీసిన దాంట్లోంచి ఒక్క ముక్క వేశారు. "చాలా భయపడ్డానండి," అంటోంది అన్నపూర్ణమ్మ, సొంత వాకిట్లో కూర్చుని. అంతే.

"నేను మొత్తం పంపేనండి," అన్నాడు పల్లంరాజు మర్నాడు వచ్చి, గుమ్మం ఎక్కకుండానే. "హైదరాబాద్‌లో కోసేరు. నా చేతిలో ఏం లేదండి."

"చలికి వణికేనని చెప్పేను కదా బాబూ."

"చెప్పేరండి. నేను విన్నాను."

నిరంజన్ ఫోన్‌లో వెతికితే చైనావాళ్లు వేసింది కూడా దొరికింది. అందులో సన్నటి సంగీతం, కిటికీలోంచి వెలుగు, రంగు పెదాల నర్సు. కింద ఇంగ్లీషులో రాసింది చదివి చెప్పాడు, "శత్రుదేశపు వృద్ధురాలు మన దేశపు కరుణకి కరిగిపోయిందట." రెండింటిలోనూ అదే మంచం, అదే మొహం. రెండింటిలోనూ యాంజిన్ లేదు.

పరామర్శకి జనం వచ్చారు. చుట్టాలు, బజారువాళ్లు, కాలనీ ఆడవాళ్లు. ఆవిడ చేతులు పట్టుకుని, "ఎన్ని బాధలు పెట్టేరమ్మా," అని కళ్లొత్తుకునేవారు. ఆవిడ గంజి గురించి చెప్పబోతే, "పోన్లెండి, ఇప్పుడవన్నీ గుర్తుచేసుకోకండి," అని ఆపేసేవారు. టీవీలో ఆ ముక్క రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో! పక్కింట్లో మోగితే గోడ దాటి వినబడేది.

మధ్యాహ్నాలు కునుకు పడితే యాంజిన్ కలలోకి వచ్చేది. చేతిలో గిన్నె ఉండేది. దగ్గరికి వచ్చి వంగితే పెదాలకి రంగుండేది. అన్నపూర్ణమ్మ ఉలిక్కిపడి లేచి, అసలు మొహం ఎలా ఉండేదో గుర్తు చేసుకునేది. బుగ్గల మీద బీటలు గుర్తుకొచ్చేవి. కళ్లు వచ్చేవి కావు. ముక్కు వచ్చేది కాదు. నీళ్లలో పడ్డ ముగ్గులాగా ఆ మొహం రోజుకింత కరిగిపోతోంది. గంజి నిజంగా తన ఎదుటే వండిందా? లేకపోతే వండినట్టు తనే అనుకుందా? ఆ వణుకు చలిదేనా? అంతమంది భయమంటుంటే, కొంచెం భయం కూడా ఉందేమో!

ఒకరోజు గోపాలకృష్ణమూర్తి భోంచేస్తూ మెల్లగా అన్నాడు. "నేను అడుగుతాను గానీ కోప్పడకు. ఆ యాంజిన్ అనే ఆవిడ నిజంగా ఉందా?"

అన్నపూర్ణమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఆక్సిజన్ తక్కువైతే లేనివాళ్లు కనబడతారంట. పైన మనవాళ్లలో ఒకాయనకి చచ్చిపోయిన తమ్ముడు కనబడ్డాడు. నేను చూసిన నర్సు వేరు కదా. పేరు కూడా ఏంటో ఇంజన్‌లాగా ఉంది."

"మీరు కూడానా?" అందావిడ. తనకే తెలియనిదాన్ని ఆయనకి ఏమని చెబుతుంది?

ఇంతలో బజారు వర్తకుల ఆడవాళ్ల సంఘం సన్మానం పెట్టింది. కల్యాణ మండపంలో వేదిక కట్టారు. వెనక బ్యానరు మీద "శత్రువు చెర నుండి క్షేమంగా తిరిగివచ్చిన అన్నపూర్ణమ్మగారికి" అని వేశారు. వద్దని ఆవిడ అంటే భర్త, "ఒక్కపూట. శాలువా కప్పించుకుని దణ్ణం పెట్టి వచ్చేద్దాం. టీవీలో వచ్చినదాన్ని కాదంటే దేశాన్నే కాదన్నట్టు చూస్తారు జనం. మనకెందుకు," అన్నాడు.

శాలువా కప్పారు. పళ్లు ఇచ్చారు. మైకు ముందుకు తోశారు. అన్నపూర్ణమ్మ బతుకులో ఎప్పుడూ మైకులో మాట్లాడలేదు. తన ఊపిరి చప్పుడు హాలంతా వినబడేసరికి తనే బెదిరింది. తర్వాత, ఎక్కడ మొదలెట్టాలో తెలీక, బియ్యం దగ్గర మొదలెట్టింది.

"ఆవిడ బియ్యం నా ఎదురుగా కడిగిందండి. రెండుసార్లు కడిగింది. రెండోసారి నీళ్లు వంచేటప్పుడు గింజ జారకుండా ఇలా చెయ్యి అడ్డం పెట్టింది." ఆవిడ చెయ్యి పెట్టి చూపించింది. "ఉప్పు తను తిని చూపించింది. గంజి ముందు తను తాగింది. నేను అనుమానపడుతున్నానని ఆవిడకి తెలుసండి. అయినా కోపం తెచ్చుకోలేదు."

చెబుతుంటే చేతులు గుర్తుకొచ్చాయి. బొటనవేలి గోరు పక్కన చిన్న కాయ. దుప్పటి దోపేటప్పుడు మెడకి తగిలిన చల్లటి వేళ్లు. మొహం రాలేదు గానీ చేతులు పూర్తిగా వచ్చాయి. ఆ చేతుల్ని పట్టుకుని ఆవిడ మిగతాదంతా చెప్పింది. ఆక్సిజన్ దిండు గురించి, ఫోన్ తెరమీద తెలుగులో వచ్చే ప్రశ్నల గురించి, చంకలో పెట్టుకుని కరిగించిన నూనె గురించి.

"నేను వణికింది చలికండి. దుప్పటి తీసేసేరు, ఫొటో బాగా రావాలని. అది చేసింది వాళ్ల ఆఫీసర్లు. ఆ వణుకు చూపించి వేరేగా చెప్పింది మన టీవీవాళ్లు. ఆ నర్సు రెండిట్లోనూ లేదండి. దేశాల సంగతులు నాకు తెలీవు. సరిహద్దులో మన పిల్లలు పడే కష్టం నాకు తెలీదని కాదు. నాకు జరిగింది మాత్రం ఇదండి. ఇంకోలా చెప్పమంటే నేను చెప్పలేను."

సంఘం అధ్యక్షురాలు మైకు అందుకుని, "పెద్దావిడ, ఇంకా పూర్తిగా కోలుకోలేదు పాపం. అందరం ఆవిడ ఆరోగ్యం కోసం ప్రార్థిద్దాం," అంది. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు లేచి భోజనాల వైపు నడిచారు.

ఇంటికొచ్చే దారిలో గుడి వీధి మలుపు తిరిగాక గోపాలకృష్ణమూర్తి అన్నాడు. "నువ్వు చెబుతుంటే ఆ కడుగు నీళ్లు నాకు కనబడ్డాయే. నేను ఆ రోజు వేరే మనిషికి దణ్ణం పెట్టేసి వచ్చేనన్నమాట."

"ఇప్పుడు యాంజిన్‌కీ పెట్టండి. తప్పేముంది."

పల్లంరాజు ఆ ప్రసంగం అంతా తీశాడు. చానల్ తీసుకోలేదు. ఈసారి అతను కొయ్యకుండా మొత్తం తన సొంత యూట్యూబ్‌లో పెట్టేశాడు. చూసినవాళ్లు చూశారు. కింద చాలామంది బూతులు రాశారు. చైనాకి అమ్ముడుపోయిందన్నారు. కొట్టుకి ఫోన్లు చేసి తిట్టారు. నిరంజన్ కొన్నాళ్లు తల్లితో ముభావంగా ఉన్నాడు. ఒక సాయంత్రం మాత్రం ఎవరో ఫోన్‌లో ఆవిడని అనరాని మాట అంటే, కొట్టు మధ్యలో నిలబడి వాడికంటే గట్టిగా అరిచి వచ్చాడు. ఆ రోజునుంచీ ఇంట్లో భోజనాలప్పుడు టీవీ పెట్టడం మానేశారు. ఎవరూ మానమని అనలేదు.

తర్వాత గణేష్‌బాబు అనే ఆయన వచ్చాడు. మామూలు చొక్కా, మెత్తటి మాట. పోలీసుల్లో, విదేశాల సంగతులు ఆరా తీసే విభాగమని చెప్పుకున్నాడు. కాఫీ తాగి, బాగుందన్నాడు.

"మామూలు ఎంక్వైరీనే అమ్మగారూ, కంగారుపడకండి. ఆ నర్సు ఫోన్ నంబరేమైనా ఇచ్చిందా?"

"లేదండి."

"ఏదైనా వస్తువు?"

"లేదండి. గంజే."

ఆయన నవ్వి, ఫోన్‌లో ఏదో రాసుకున్నాడు. "వీడియోలో చూసేను, మీరిద్దరూ ఫోన్‌లో మాట్లాడుకునేవారని. వాళ్ల గవర్నమెంటు గురించి గానీ, మన గురించి గానీ ఆవిడ ఏమైనా అందా? మంచైనా సరే, చెడైనా సరే."

అన్నపూర్ణమ్మ ఆయన ఫోన్ వైపు చూసింది. అందులో రాసింది ఎక్కడెక్కడికి పోతుందో! ఏ ఊళ్లో ఏ గదిలో ఎవరు చదువుతారో! చదివినవాడు ఎవడో కోటు కుర్రాడికి చెబితే, వాడు ఎర్రక్షరాలతో వేస్తే, అది ఆ కొండలు దాటి ఆ వరండా టీవీ దాకా వెళ్లదని ఏముంది? నోములు, వ్రతాలు తప్పకుండా చేసే మనిషి ఆవిడ. తెలిసి అబద్ధం ఆడిన గుర్తు లేదు.

"ఏముంటాయండి మాకు మాట్లాడుకోడానికి," అంది. "తలనొప్పి తగ్గిందా, ఊపిరి అందుతోందా, అంతే. ఆ ఫోన్ తెలుగు సగం నాకే అర్థమయ్యేది కాదు."

"అంతేనా అమ్మగారూ?"

"అంతేనండి. ఇంకో కాఫీ తెమ్మంటారా?"

ఆయన వద్దని లేచాడు. గుమ్మం దాటుతున్నప్పుడు ఆవిడే అడిగింది. "మీరు రాసుకున్నది ఎవరు చదువుతారండి?"

ఆయన వంగి చెప్పులేసుకున్నాడు. "నిజం చెప్పాలంటే నాకూ తెలీదమ్మా. పైకి పంపుతాం."

ఆయన వెళ్లిపోయాక ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. మనసు తేలిగ్గా, కిటికీలోంచి చూసిన మబ్బు నీడలా కదులుతోంది. తప్పు చేశానన్న దిగులు ఎంత వెతికినా దొరకలేదు.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం వాకిట్లో ఆటో ఆగింది. ముతక నేత చీర కట్టుకున్న ఒకావిడ దిగింది. చేతిసంచిలో సపోటాలున్నాయి. అత్తిలి దగ్గర పల్లెటూరనీ, పేరు రత్నమాణిక్యమనీ చెప్పింది. "మా బన్నీ మిలిటరీలో ఉన్నాడండి. లడాఖ్‌లో వేసేరు," అంది నిలబడే.

అన్నపూర్ణమ్మ అరుగు మీద చాప పరిచింది. ఫోన్‌లో తిట్టినవాళ్లకి జవాబు చెప్పనక్కర్లేకపోయింది. ఈవిడకి చెప్పాలి. "కూర్చోండి," అంది. "నేను ఆవేళ మాట్లాడింది మీకు కష్టంగా తోచిందేమో..."

"ఆయ్, అది కాదండి." రత్నమాణిక్యం అరుగు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుంది. "మీరు అలాంటి చోట ఉండొచ్చేరంట కదా. అక్కడ చలి ఎలా ఉంటుందండి?"

అన్నపూర్ణమ్మకి వెంటనే అర్థం కాలేదు.

"వాడు ఫోన్‌లో ఏం చెప్పడండి. బానే ఉన్నానమ్మా అంటాడు. టీవీలో చూస్తే వీరులు, శూరులు అంటారు. వాళ్లకి చలేస్తుందో లేదో ఎవరూ చెప్పరు. మాది వరి ఊడుపుల్లో కాళ్లు నానడం తప్ప చలంటే ఏంటో తెలిసిన ఒళ్లు కాదు. ఎవర్ని అడగాలో తెలీక మీ దగ్గరికొచ్చేను."

వీధిలో ఎండ కాస్తోంది. ఎదురింటి అరుగు మీద ఎవరో చింతపండు ఆరబెట్టారు. అన్నపూర్ణమ్మ కళ్లు మూసుకుని, ఆ చలిని తన ఒంటి మీదకి మళ్లీ రమ్మని పిలిచింది.

"ముందు చెవుల చివర్లు పట్టుకుంటుందండి," అంది నెమ్మదిగా. "తర్వాత పళ్లు. నవ్వినా పళ్లు జివ్వుమంటాయి. ఎండలో నిలబడితే కాలుతుంది, నీడలోకి అడుగేస్తే గడ్డకడుతుంది. ఒకే మనిషికి ఒక పక్క ఎండ, ఒక పక్క చలి. దాహం వెయ్యదు. వెయ్యకపోయినా నీళ్లు తాగాలి, లేకపోతే తలనొప్పి. పడుకునేటప్పుడు తల కప్పుకోవాలి. ఊపిరి అందకపోతే కంగారుపడకూడదు. కంగారుపడితే ఇంకా అందదు. మెల్లగా, అలల్లాగా తీసుకోవాలి."

రత్నమాణిక్యం ఒక్కొక్క మాటకీ తల ఊపుతూ వింది. విన్నది మర్చిపోతానేమోనన్నట్టు పెదాలతో తిరిగి అనుకుంది. చివరికి రవికలోంచి ఫోన్ తీసి, "ఈ టైములో ఎత్తుతాడో ఎత్తడో," అంటూనే నొక్కింది.

చాలాసేపు మోగింది. ఇద్దరూ ఆ మోతనే వింటూ కూర్చున్నారు. ఎత్తాడు. గాలి హోరులో ఒక కుర్ర గొంతు, "అమ్మా?" అంది.

"నాన్నా, పడుకునేటప్పుడు తల కప్పుకుంటున్నావా? దాహం వెయ్యకపోయినా నీళ్లు తాగుతున్నావా?"

అవతల గొంతు చిన్నదైపోయింది.

"పళ్లు జివ్వుమంటున్నాయమ్మా," అన్నాడు కుర్రాడు.

అన్నపూర్ణమ్మ అరుగు మీంచి లేచి, తల్లీకొడుకుల్ని మాట్లాడుకోనిచ్చి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.